కాగితం ఇవ్వని పది రోజులు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. గొప్పకు చెప్పడం లేదు. ఆ కోపంతోనే ఒక పెద్దమనిషిని నలుగురిలో తలదించుకునేలా చేశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఇది ఒప్పుకోవాలి.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. జనగామలో నాలాంటి వాళ్ళకు పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం రైలుపట్టాల మీద బైఠాయింపు, పోలీసు వ్యాను కనిపిస్తే సందుల్లో పరుగు. ఒకరోజు అట్లా పరుగెత్తి రొప్పుతుంటే, మా హైస్కూల్లో సైన్సు చెప్పిన సారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏందిరా, పొద్దటిసంది జులూసుల తిరుగుతున్నవ్ గద. ముందట నడిచినోళ్ళల్ల చెప్పులు లేనోడు ఎవడు?"

నేను చెప్పలేకపోయాను.

"నినాదం ఇచ్చినోడు ఏ చెయ్యి లేపిండు? కుడా, ఎడమా?"

అదీ తెలియదు. చిరాకు పుట్టి, "గవన్ని ఎవలు చూస్తరు సార్?" అన్నాను.

"డైరెక్టరు చూస్తడు. సాయంత్రం మిల్లుకాడికి రా" అని చెయ్యి వదిలేశాడు.

మిల్లంటే స్టేషను వెనక ఉన్న పత్తి జిన్నింగు మిల్లు. పత్తి పని లేని నెలల్లో దాని షెడ్డు ఖాళీగా ఉండేది. సారు అక్కడే నాటకాలు తయారుచేసేవాడు. నాకిచ్చిన పని నేల మీద సుద్దముక్కతో స్టేజీ కొలతలు గీయడం, ఎవరు ఎక్కడ నిలబడాలో నోటుబుక్కులో రాసుకోవడం. కాలేజీలు తెరుచుకున్నాయి, నా చదువు అయింది, తాలూకా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, అయినా నేను ఆ షెడ్డు వదల్లేదు. ఎనిమిదేళ్ళలో నాలుగు నోటుబుక్కులు నిండాయి. సారు చేసిన ప్రతి పనికీ ఒక నంబరు వేసి రాసుకున్నాను. దర్శకత్వం అంతా వాటిలోనే ఉందని నా నమ్మకం.

ఆయన పద్ధతులు చిత్రంగా ఉండేవి. నాటకం ఎత్తుకున్నప్పుడు మొదటి పది రోజులు ఎవరి చేతికీ కాగితం ఇచ్చేవాడు కాదు. అందరినీ గోనెసంచుల మీద కూర్చోబెట్టి, నాటకం మొత్తం తనే పైకి చదివేవాడు. రోజుకు రెండుసార్లు. అన్ని పాత్రలనూ ఒకే గొంతుతో, ఏ భావమూ పెట్టకుండా, క్లాసులో హాజరు పిలిచినట్టు చదివేవాడు. తాను భావం పెడితే నటుడు దాన్నే పట్టుకుని వేలాడతాడట. పదకొండో రోజు లేచి నిలబడమనేవాడు. అప్పటికి మాటలు వాటంతటవే నోటికి వచ్చేవి.

తను నటించి చూపించడం కూడా ఉండేది కాదు. ఎవరైనా అడిగితే, "నేను చేసి చూపెడితె నువ్వు నన్ను చేస్తవ్. మరి ముసలోని పాత్ర ఎవలు చెయ్యాలె?" అనేవాడు. ఒక్కోసారి రిహార్సలు నడుస్తుండగా నటులకు వీపు తిప్పి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. కన్ను మోసపోతుంది కానీ చెవి మోసపోదని చెప్పేవాడు. ఇక నాటకం రోజు తెర లేవగానే హాలు బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. తెర లేచాక డైరెక్టరు చచ్చిపోయినట్టే, శవానికి స్టేజీ మీద ఏం పని అని ఆయన లెక్క.

ఆ జట్టులో మా అందరికంటే పెద్ద నటుడు మిల్లు మున్షీ. అరవైకి దగ్గరగా ఉంటాడు. నిజాం కాలంలో చదువుకున్నవాడు. పాత సేటు ఉన్నన్నాళ్ళు మిల్లు రాతకోతలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. అంగీ జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేది. మేమంతా బాపు అని పిలిచేవాళ్ళం. తండ్రి పాత్రలన్నీ ఆయనవే. స్టేజీ ఎక్కి ఊరికే ఒక కుర్చీ జరిపినా, జనం గుసగుసలు మాని చూసేవాళ్ళు.

డెబ్బై ఏడు ప్రాంతంలో సారుకు భూపాలపల్లి హైస్కూలుకు బదిలీ అయింది. అప్పట్లో అది అడవి అంచున ఒక చిన్న ఊరు. పోతూ పోతూ, "జట్టు నీ చేతుల పెడుతున్న" అని ఒక్క ముక్క అన్నాడు. అది విని నేను గాలిలో తేలిపోయాను.

అదే ఏడు వరంగల్‌లో పది రోజుల నాటక శిక్షణ శిబిరం పెడితే వెళ్ళొచ్చాను. పట్నం నుంచి వచ్చి పాఠం చెప్పిన ఒకాయన, వాచకం కంఠస్థం కాకుండా రిహార్సలుకు వచ్చే నటుడు తాపీ లేకుండా వచ్చిన మేస్త్రీలాంటివాడని చెప్పాడు. మొదటి రోజే అందరికీ ప్రతులు ఇవ్వాలి, వారం తిరిగేసరికి అప్పజెప్పించుకోవాలి. ఎంత శాస్త్రీయంగా ఉందీ! మా సారు పది రోజులు ఊరికే తగలేసేవాడని నాకు ఆ రోజే అనిపించింది. మూడో నోటుబుక్కులో ఆ నంబరు మీద అడ్డంగా గీత కొట్టాను.

మానుకోటలో నాటక పోటీలని తెలిసింది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఇరవై అయిదు రోజుల గడువు. న్యాయనిర్ణేతలకు నాటకం రాతప్రతులు ముందే పంపాలి, తెర పక్క నుంచి ఎవరైనా మాట అందించినట్టు వినబడితే మార్కులు కోస్తారు. మేము ఎత్తుకున్నది ఒక తండ్రీకొడుకుల కథ. కొడుకు ఆఫీసులో లంచం తిని, నేరం తోటి ఉద్యోగి మీదికి నెడతాడు. ఆ తప్పును కొడుకు నోటితోనే ఒప్పించే తండ్రి పాత్ర బాపుది. కొడుకు పాత్ర బ్యాంకులో పనిచేసే ఒక యువకుడిది. నేను కార్బను పెట్టి అయిదు ప్రతులు తీసి, మొదటి రోజే అందరికీ పంచాను. బాపు తన ప్రతి అందుకుని, నాలుగు మడతలు పెట్టి, పెన్ను పక్కన జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిదో రోజుకు బ్యాంకు యువకుడు గడగడ అప్పజెప్పాడు. బాపుకు ఒక్క మాట కూడా సరిగా రాలేదు. అవతలివాళ్ళు అన్న మాటలు మాత్రం గుర్తుపెట్టుకుని, వాటికి తనే ఏవో జవాబులు అల్లుతున్నాడు. "బాపు, కాయితంల గట్ల లేదు" అంటే, "సదువుత బిడ్డ, రేపు సదువుత" అంటాడు. రేపు వచ్చేది, మాటలు రావు. నాకు లోపల ఉడికిపోయేది. సారు ఉన్నప్పుడు ఇరవై పేజీలు నోటికి పట్టినవాడికి నా దగ్గర ఏమొచ్చింది? నేనంటే లెక్కలేక, నిన్నటి పిలగాడు వీడేం డైరెక్టరని కావాలనే చేస్తున్నాడని నిశ్చయించుకున్నాను. నా కోపానికి ఆ మాత్రం చాలు.

పద్నాలుగో రోజు ఆయన మళ్ళీ సొంతమాటలు అన్నాడు. రిహార్సలు ఆపేశాను.

"కాయితం తీయి బాపు."

తీశాడు. మడతల దగ్గర చిరుగుపట్టి ఉంది.

"ఏడో పేజీ. మీదికెళ్ళి మూడో లైను. అందరు ఇనేటట్టు చదువు."

ఆయన కాగితం వైపు చూశాడు. చెమట చెంపల మీదుగా కారుతోంది, తుడుచుకోలేదు.

"అద్దాలు ఇంటికాడ మర్సి వచ్చిన" అన్నాడు.

"అద్దాలు ముక్కు మీదనే ఉన్నయి గద!" అని అరిచాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకు ఊతమైంది. "ఇన్నేండ్లు మున్షీగిరి చేసినవ్. ఇంటికాడ అర్ధగంట కాయితం ముందర కూసోనీకి ఒళ్ళొంగదా? చాతగాకపోతే చాతగాదని చెప్పు, ఇంకొకన్ని చూసుకుంట!"

బాపు ప్రతిని మళ్ళీ అవే మడతల్లో మడిచి గోనెసంచి మీద పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. "చూసుకో బిడ్డ" అని వెళ్ళిపోయాడు.

తొర్రూరులో తండ్రి వేషాలు వేసే ఒక టీచరు ఉన్నాడని, కబురు పెడితే రెండు రోజుల్లో వస్తాడని బ్యాంకు యువకుడు చెప్పాడు. పెట్టమన్నాను. అన్నానే కానీ ఆ రాత్రంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బాపు లేని తండ్రి పాత్ర నా కళ్ళకు కట్టడం లేదు. పొద్దున్నే ఆఫీసుకు సెలవు చీటీ పంపి, హన్మకొండ పోయి కాళేశ్వరం బస్సెక్కాను. ఆ ముసలాయన ఎంత మొండివాడో సారుతో చెప్పి, నాదే న్యాయం అనిపించుకోవాలి. నా మనసులో ఉన్నది అదే.

భూపాలపల్లిలో సారు పెంకుటింటి అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"మొదటి దినమే కాయితాలు ఇచ్చినవా?"

"ఇచ్చిన సార్. శిబిరంల గట్లనే చెప్పిండ్రు."

ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టేశాడు. "బాపు సదువంత ఉర్దూల అయింది. మిల్లు దస్తరాలు ఉర్దూల. ఆయనకు తెలుగు అక్షరం రాదు. మనం మాట్లాడే భాషే గని, అది కాయితం మీద కనబడితె గీతలు తప్ప ఏం తెల్వది."

నా తల తీసేసినట్టయింది. వెంటనే కోపమూ వచ్చింది, ఈసారి సారు మీద. "ఎనిమిదేండ్లు మాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని నాతోని మాట తీసుకున్నడు. మున్షీకి సదువ రాదంటె ఊర్ల ఉంటదా ఇజ్జత్? ఇప్పుడు నీ నాటకం కోసం ఆ మాట తప్పిన." నా కళ్ళలోకి చూశాడు. "పది దినాలు కాయితం ఇయ్యద్దని నోటుబుక్కుల రాసుకున్నవ్ గద. ఎందుకని ఒక్కసారన్న అడిగినవా? నంబరు ఏసుకునుడే నేర్చుకున్నవ్."

"ఇప్పుడేం చెయ్యాలె సార్?"

"నన్నెందుకు అడుగుతవ్? డైరెక్టరువు నువ్వు. ఒక్కటి మాత్రం చెప్త. నీకు తెలిసిందని ఆయనకు తెలిస్తె ఇగ జన్మల స్టేజీ ఎక్కడు."

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. పోటీకి పది రోజులుంది. తొర్రూరు టీచరును వద్దనాలి, బాపును రప్పించాలి, ఆయన గుట్టు ఆయన దగ్గరే ఉండనివ్వాలి. ఎక్కడ నోరు జారినా ఆయన బతుకంతా దాచుకున్నది నా వల్ల బజారున పడుతుంది.

మర్నాడు తొర్రూరు టీచరును రావద్దని కబురు పంపి, అందరి ప్రతులూ లాగేసుకున్నాను. శిబిరం పద్ధతి నాకు పట్టుబడలేదు, తప్పు నాదే, రోజుకు రెండుసార్లు నేనే చదువుతానన్నాను. బ్యాంకు యువకుడు మండిపడ్డాడు. "నాకు కంఠస్థం అయిన నాటకాన్ని మళ్ళ మొదటిసంది వినాల్నా? పిచ్చి లేసిందా అన్నా నీకు?" అన్నాడు. "లేసింది" అన్నాను. ఇంకేం చెప్పగలను?

సాయంత్రం బాపు ఇంటికి పోతే గుమ్మంలో ఆయన భార్య, మేము అవ్వ అనే ఆవిడ, అడ్డం నిలబడింది. "రెండు దినాల సంది బుక్క బువ్వ ముట్టలే. కొడుకసోంటోడివి, ఏమన్నవురా ఆయనను?" అంది. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"బాపు, కాయితాలన్ని గుంజుకున్న. సారు లెక్కనే నేను చదువుత. నువ్వచ్చి కూసో, చాలు."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "భూపాలపల్లికి పోయినవా?"

"లేదు బాపు. ఆఫీసు పని మీద హన్మకొండ పోయిన."

"ఊఁ" అన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు. అవ్వను పిలిచి అన్నం పెట్టమన్నాడు, నాకూ పెట్టించాడు. మర్నాడు షెడ్డుకు అందరికంటే ముందు వచ్చి గోనెసంచి మీద కూర్చున్నాడు.

మానుకోటలో మాకు ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల వంతు వచ్చింది. రేకుల షెడ్డు, పైనుంచి సెగ, ముందు వరుసలో రాతప్రతులు పట్టుకుని ముగ్గురు న్యాయనిర్ణేతలు. తెర లేచింది. సారు మాటను గౌరవించి బయటికి పోవాలి. పోలేకపోయాను. తెర పక్కన చీకట్లో, బాపు మాటలు ఎక్కడ ఆగిపోతాయోనని పిడికిళ్ళు బిగించి నిలబడ్డాను.

బాపు ఆగలేదు. ఒక్క మాట తడుముకోలేదు. ఆగింది బ్యాంకు యువకుడు. కొడుకు నేరం ఒప్పుకునే ఆఖరి ఘట్టంలో, ఒక పేజీ పొడుగునా ఉన్న మాటల్లో, మూడో వాక్యం దగ్గర అతని నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. కళ్ళు తేలేశాడు. నాకు ఆ మాట నాలుక చివరే ఉంది. అందిస్తే మార్కులు పోతాయి, అందించకపోతే నాటకమే పోతుంది. జనంలో దగ్గులు మొదలయ్యాయి. అయిపోయింది, మునిగిపోయాం అనుకున్నాను.

బాపు కుర్చీలోంచి మెల్లగా లేచి కొడుకు ముందుకు వచ్చాడు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు.

"నీ నోటికి వస్తలేదు గద కొడుకా. నేను చెప్త. అబద్ధమైతె కాదను" అన్నాడు.

కొడుకు చెప్పాల్సిందంతా ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. అన్ని రోజులూ నేను చదివిన ఆ పేజీ మొత్తం, నువ్వు నువ్వు అంటూ, మా ఇళ్ళలో మాట్లాడే మాటల్లోకి మార్చి చెప్పాడు. ఒక్కో మాటకూ ఆగి కొడుకు కళ్ళలోకి చూస్తున్నాడు. "ఆ మనిషి పెండ్లాం నీ కాళ్ళ మీద పడ్డప్పుడు నువ్వు చాయ తాగుతున్నవ్. అవునా కాదా?" బ్యాంకు యువకుడు నిజంగానే ఏడ్చేశాడు, తలూపాడు. న్యాయనిర్ణేతలు రాతప్రతులు తిరగెయ్యడం ఆపి స్టేజీ వైపే చూస్తున్నారు.

పొద్దుగూకే వేళకు ఫలితాలు చదివారు. ఉత్తమ నటుడు ఖమ్మం జట్టువాడు. తర్వాత ఉత్తమ దర్శకుడని నా పేరు పిలిచారు. రాతప్రతిలో కొడుకు నోట ఉన్న ఒప్పుకోలును తండ్రి నోట చెప్పించిన దర్శకుడి ఊహ అపూర్వమని మైకులో పొగిడారు. శాలువా కప్పి, ప్రశంసాపత్రం చేతిలో పెట్టి, రెండు మాటలు మాట్లాడమని మైకు నా ముందుకు జరిపారు. అది నా ఊహ కాదు, ఆ ముసలాయనది అని చెప్పాలి. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా నోటికి "నమస్కారం" తప్ప మరో మాట రాలేదు. సిగ్గుతో దిగి వచ్చాను. కోపం వస్తే అంత పెద్ద నోరు పెట్టేవాణ్ని, అక్కడ మూగవాణ్నయ్యాను.

స్టేషనులో కాజీపేట ప్యాసింజరు కోసం కూర్చున్నాం. మిగతావాళ్ళు చాయకు పోయారు. బెంచీ మీద బాపూ నేనూ మిగిలాం.

"ఆ కాయితంల ఏం రాసిండ్రు? జర సదివి చెప్పు" అన్నాడు బాపు.

నాతో ఆయన అట్లా అడగడం అదే మొదటిసారి. అద్దాల మాట ఎత్తలేదు. నేను కాగితం విప్పాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. నేను ఏం చదివితే అందులో అదే ఉంటుంది. ఆయన పేరు కలిపి చదివితే ఆ ప్లాట్‌ఫారం మీద కాదనేవాడు లేడు. ఆయన సంతోషిస్తాడు, నా సిగ్గూ తీరుతుంది. నోటిదాకా వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు చదివాను. దించిన తల ఎత్తకుండానే, "నీ పేరు ఏడ లేదు బాపు. నువ్వు చేసింది నా పేరు మీద రాసిండ్రు. నేను మైకుల గూడ చెప్పలే" అన్నాను.

"ఎరుకే. మైకుల చెప్పింది విన్న. నా చెవులకేమైంది?" అన్నాడు.

"మరి నన్నెందుకు చదువుమన్నవ్?"

"నువ్వు ఏం సదువుతవో ఇందామని." ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, నా పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"సారు కూడ నేర్పుతనన్నడు, నేనే వద్దన్న. ఇగ నువ్వు నేర్పు" అన్నాడు.